స్టెప్నీ వేశాక మొండికేసిన ఫోర్ వీల్ లివర్: నా అనుభవం

నాది పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ బండి, అంటే అవసరమైనప్పుడే లివర్‌తో నాలుగు చక్రాలకీ శక్తి ఇచ్చేది. పంక్చరై వెనక స్టెప్నీ వేసినప్పటి నుంచి, బురద దాటి తారురోడ్డు ఎక్కితే మలుపుల్లో బిగబట్టేది, లివర్ 4హెచ్ (నాలుగు చక్రాలకీ శక్తి) నుంచి 2హెచ్ (రెండు చక్రాలకే శక్తి)కి వచ్చేది కాదు. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్, గేర్ ఆయిల్ మార్పు, అన్నీ డబ్బు దండగ.

చివరికి సుద్దముక్క పట్టుకున్నా. ముందు అన్ని టైర్లలో గాలి సమానం చేశా. టైరు నేలకు ఆనేచోట గీత గీసి, బండిని నేరుగా సరిగ్గా ఒక చుట్టు తోసి టేపుతో కొలిచా. మూడు టైర్లు దాదాపు 2.14 మీటర్లు, స్టెప్నీ 2.23! అప్పుడు సైజు చదివా: మిగతావి 215/75 ఆర్15, ఇది 235/75 ఆర్15. ఇది మొదటే చూడాల్సిన పని, ఒప్పుకుంటా. నా బండికి సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనక ఇరుసులు వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల అమరిక) లేదు కాబట్టి 4హెచ్‌లో ముందు, వెనక షాఫ్టులు ఒకే వేగంతో తిరగాలి. తారు మీద టైరు జారదు, ఆ బిగువంతా ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనక షాఫ్టులకి పంచే గేర్ పెట్టె) మీదే పడుతుంది.

నేరుగా మూడు మీటర్లు రివర్స్ చేసి లాగితే లివర్ టక్కున వచ్చింది. తర్వాత స్టెప్నీని ముందు ఇరుసుకి మార్చా, ఎందుకంటే 2హెచ్‌లో నా బండికి శక్తి వెనక చక్రాలకే. సరైన సైజు దొరికేదాకా 4హెచ్ ముట్టలేదు, నెమ్మదిగా నడిపా.

ఎప్పుడూ నాలుగు చక్రాలకీ శక్తి వెళ్లే, 2హెచ్ లేని ఫుల్‌టైమ్ బండ్లకి స్టెప్నీని ముందుకి మార్చే ఈ కిటుకు పనికిరాదు, మాన్యువల్ చూడాల్సిందే. సైజు ఒకటే అయినా అరుగుదల తేడా ఉంటుంది: ట్రెడ్ (నేలకు తాకే రబ్బరు పొర) 5 మి.మీ. తగ్గితే చుట్టుకొలత 3 సెం.మీ. తగ్గుతుంది.