నీళ్లు నిండిన పాత మైకా గుంతను ఫొటో తీయడం ఎలా

గూడూరు, సైదాపురం వైపు మైకా (కాకిబంగారం) తవ్వి వదిలేసిన గుంతల్లో ఊటనీరు, వాననీరు చేరి చెరువుల్లా కనిపిస్తాయి. కానీ చెరువుకు వాలు ఉంటుంది, గుంతకు నిలువు గోడ ఉంటుంది. జారిపడితే పట్టుకుని ఎక్కడానికి ఏమీ దొరకదు. కాబట్టి ఇక్కడ చెప్పేవన్నీ గట్టు మీద నుంచి తీసే ఫొటోలకే. సొరంగం నోరు కనిపిస్తే బయట నుంచే జూమ్ చేసి తీయండి. లోపల ఆక్సిజన్ తగ్గిన గాలికి వాసన ఉండదు, తేడా తెలిసేలోపే మనిషి కూలిపోతాడు.

స్థలం ఎవరిదో ఊళ్లో అడిగి, అనుమతి తీసుకుని, తోడు మనిషితో వెళ్లండి. అంచుకు 3 మీటర్లు ఎడంగా ఉండండి. అంచు వెంబడి నేలలో పగులు కనిపిస్తే ఆ పగులు దాటొద్దు. తవ్విపోసిన దిబ్బల మీద కాకిబంగారం రేకులు ఒకదాని మీద ఒకటి జారతాయి, చెప్పులతో ఎక్కకండి.

ఈ నెల్లూరు ప్రాంతంలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. జనవరికి నీరు నిండుగా ఉండి, బురద అడుక్కి దిగి తేటపడుతుంది. పల్చటి మబ్బు పట్టిన రోజైతే మంచిది. ఎర్రటి ఎండలో ఒక గోడ వెలిగిపోతుంది, ఎదుటి గోడ నల్లగా మిగులుతుంది.

ఇక అసలు సంగతి. మీరు తీయబోయేది నీటి మీది నీడనా (ప్రతిబింబాన్నా), నీటి అడుగునా? రెండూ కావాలనుకుంటే రెండూ చెడతాయి.

నీడ కావాలంటే ఫోకస్ నీటి మీద పెట్టకూడదు. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే. నీటిలో కనిపించే గోడ, నిజం గోడ ఎంత దూరంలో ఉందో దాదాపు అంత దూరంలోనే ఉన్నట్టు లెన్సుకు లెక్క. 100 ఎం.ఎం. లెన్సుతో, ఎఫ్ 8 అపర్చర్ దగ్గర, 10 మీటర్ల దూరంలో తేలుతున్న ఎండుటాకు మీద ఫోకస్ పెట్టారనుకోండి. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సరున్న) కెమెరాలో సుమారు 13 మీటర్లు దాటిందంతా మసకే, దాంతోపాటే ఆ నీడ కూడా. ఎదుటి గోడ మీద ఫోకస్ పెట్టి, మాన్యువల్ ఫోకస్‌కు మార్చి వదిలేయండి. నీడ ఎప్పుడూ అసలు గోడకన్నా ముదురుగా వస్తుంది. అందుకని రా ఫైల్లో (కెమెరా దిద్దని ఫైలు), రెండేసి స్టాపుల తేడాతో మూడు ఫ్రేములు తీయండి. ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపో, సగమో అవుతుంది.

అడుగు రాళ్లు కనిపించాలంటే పోలరైజర్ (నీటి మెరుపును తగ్గించే ఫిల్టరు) బిగించాలి. చూపు నీటి మట్టానికి 37 డిగ్రీల కోణంలో ఉంటే మెరుపు పూర్తిగా పోతుంది. చదును నేలలో, కన్ను 1.5 మీటర్ల ఎత్తులో ఉంటే ఆ కోణానికి అంచుకు 2 మీటర్ల దాకా వెళ్లాలి. వెళ్లొద్దు. 3 మీటర్ల దగ్గర 27 డిగ్రీలు దొరుకుతాయి, దాంతోనే మెరుపు చాలావరకు తగ్గుతుంది. ఫిల్టరు దాదాపు రెండు స్టాపుల వెలుతురు తినేస్తుంది. 1/60 సెకను కాస్తా 1/15 అవుతుంది, ట్రైపాడ్ తప్పదు. మైకా చెత్తలో దాని కాళ్లు దిగబడిపోతాయి, ఒక్కో కాలి కింద పలకరాయి పెట్టి, 2 సెకన్ల టైమర్ వాడండి. 24 ఎం.ఎం. కన్నా వెడల్పు లెన్సుకు పోలరైజర్ తగిలిస్తే నీటిలో ఒక మూల నల్లగా, ఒక మూల తెల్లగా మచ్చలు పడతాయి.

నిలకడ నీటికి పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టరు (వెలుతురును బాగా తగ్గించే నల్లటి అద్దం) దండగ. ఎక్కువసేపు తీసి నునుపు చేయడానికి అక్కడ అలే లేదు.

వైట్ బ్యాలెన్స్ (రంగుల దిద్దుబాటు) ఆటోలో ఉంటే కెమెరా నీటి పచ్చదనాన్ని లోపమనుకుని దిద్దేస్తుంది, డేలైట్‌లో పెట్టండి. దిబ్బ మీద మైకా తళుకులు పూర్తి తెలుపైపోయినా పర్వాలేదు. వాటిని కాపాడాలని ఎక్స్‌పోజర్ తగ్గిస్తే ఫొటో అంతా చీకటవుతుంది. ఫోన్‌తో తీసేవాళ్లు ఎదుటి గోడ మీద వేలు నొక్కి ఉంచి లాక్ చేసి, వెలుతురు కొంచెం కిందికి లాగితే చాలు.

గోడ, నీరు మాత్రమే ఉంటే అది పెద్ద గుంతో, వానకు నిండిన చిన్న గొయ్యో చూసేవాళ్లకు అంతుపట్టదు. ఎదుటి గట్టు మీది సర్కారు తుమ్మచెట్టునో, మేస్తున్న మేకనో ఫ్రేములోకి రానివ్వండి. లెన్సు మాత్రం అక్కడ మార్చకండి. మైకా పొడి సెన్సర్ మీద పడితే ఆకాశంలో ప్రతి ఫొటోకూ అదే చోట మచ్చ. కారులో కూర్చుని, అద్దాలు మూసి మార్చుకోండి.