మిరుగు వానలకు ముందు డిష్ సరిచేస్తున్నారా?

రోహిణి కార్తె పోయిందంటే గాలిదుమారాలే. బంగ్లా ఎక్కే ముందు ఇవి చూసుకోండి.

– ముందు కరెంటు తీగలు. వరంగల్ పాత గల్లీల్లో పిట్టగోడకు చెయ్యందే దూరంలోనే ఉంటాయి. ఇనుప పైపు తగిలితే ప్రాణమే పోతుంది.

– ఉరుము వినపడితే దిగిపోండి.

– వైరు విప్పే ముందు సెట్‌టాప్ బాక్స్ ప్లగ్గు తీయండి. డిష్ ముందు సిగ్నల్ పట్టే ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టులు ఆ వైరులోనే పోతాయి. షార్టయితే బాక్సుకే దెబ్బ.

– డిష్ ఇప్పుడున్న దిశను పైపు మీద మార్కర్‌తో గీసుకోండి. ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉపగ్రహం మనకు ఆగ్నేయం దిక్కున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశంపై ఉంది. జరంత జరిగినా బొమ్మ గల్లంతు.

– తిప్పేముందు కనెక్టర్ విప్పి చూడండి. మా దాంట్లో నీళ్లు దిగి రాగి తీగ పచ్చగా చిలుము పట్టింది. నేనేమో డిష్ తిప్పీ తిప్పీ ఆదివారమంతా పోగొట్టుకున్న. అంగుళం కోసి కొత్తది బిగిస్తే అయిపోయింది.