నెట్ సరిగా రాని ఊళ్లో ఇంటి బయట సీసీ కెమెరాలు ఎలా ఎంచుకోవాలి?

రెండేళ్ల కిందట సంక్రాంతి సెలవులైపోయి మేం హైదరాబాద్ తిరిగొచ్చిన వారానికి, ఊళ్లో మా పెరట్లోని బోరు మోటారు కేబుల్‌ను ఎవరో కోసుకుపోయారు. పెరటి గోడ మీద కెమెరా ఉంది. యాప్ తెరిచి చూస్తే ఆ రాత్రి 11 నుంచి తెల్లారి 5 దాకా ఖాళీ. కరెంటు పోలేదు, కెమెరా పాడవలేదు. టవర్ పోయి నెట్ ఆగిపోయింది, అంతే. రికార్డయినదంతా క్లౌడ్‌లోకి పంపే రకం అది. పంపే దారి లేకపోయేసరికి తెల్లవార్లూ ఊరికే చూస్తూ కూర్చుంది. "కెమెరా పెట్టించావు కదరా, మరి దొంగేడి?" అని నాన్న అడిగితే నా దగ్గర జవాబు లేదు.

అప్పట్నుంచి ఎవరడిగినా ఒకటే చెబుతున్నాను. రికార్డింగ్ ఇంట్లోనే ఉండాలి. నెట్ అనేది మనం దూరం నుంచి తొంగి చూడటానికే. కెమెరా కొనేముందు అడగాల్సిన అసలు ప్రశ్న "ఎన్ని మెగాపిక్సెల్స్?" కాదు, "నెట్ లేని రోజు ఇది ఏం చేస్తుంది?"

1. ముందు మీ ఊరి నెట్‌ను కొలవండి

ఫోన్‌లో సిగ్నల్ గీతలు చూసి నిర్ణయానికి రాకండి. కెమెరా బిగించాలనుకున్న గోడ దగ్గరే నిలబడి స్పీడ్ టెస్ట్ చేయండి. చూడాల్సింది డౌన్‌లోడ్ కాదు, అప్‌లోడ్. కెమెరా చేసేది పంపడమే కదా. పగలు ఒకసారి, రాత్రి 8 గంటలప్పుడు ఒకసారి చూడండి, ఊరంతా ఫోన్లు పట్టుకుని కూర్చునే సమయం అది. దగ్గర్లో ఏ కంపెనీ టవర్ బాగుందో పక్కింటివాళ్ల ఫోన్లతో కూడా పరీక్షించండి.

2. డేటా లెక్క వేసుకోండి

మామూలు 2 మెగాపిక్సెల్ కెమెరా దాదాపు 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్లు) వేగంతో వీడియో తయారుచేస్తుందనుకుందాం. అలా 24 గంటలు పంపితే ఒక్క రోజుకే 21 జీబీ పైన అవుతుంది. రోజుకు 1.5 జీబీ ఇచ్చే ప్యాక్ గంటా నలభై నిమిషాల్లో ఖతం. అందుకే మొబైల్ డేటాతో రోజంతా క్లౌడ్ రికార్డింగ్ అనే మాటే పెట్టుకోవద్దు.

యాప్‌లో హెచ్‌డీ బదులు ఎస్‌డీ పెట్టుకుని చూస్తే మాత్రం అర ఎంబీపీఎస్ సరిపోవచ్చు. గంటకు 225 ఎంబీ అన్నమాట. రోజూ పొద్దున, సాయంత్రం అమ్మావాళ్లను పది నిమిషాలు చూసుకోవడానికి ఆ ప్యాకే ఎక్కువ.

3. ఇంటికి తగ్గ రకం

ఇంట్లో మనుషులుండి కరెంటు దాదాపుగా ఉండే ఊరైతే, నా ఓటు పాతకాలపు డీవీఆర్‌కే (కెమెరాల వీడియోను ఇంట్లోనే రికార్డు చేసే పెట్టె). షాపువాళ్లు కొత్తవి చూపించి ఊరిస్తారు, పట్టించుకోకండి. కెమెరా నుంచి త్రీ ప్లస్ వన్ వైరు (వీడియోకూ కరెంటుకూ కలిపి ఉండే కేబుల్) లోపలికొచ్చి డీవీఆర్‌లో కలుస్తుంది, రికార్డింగ్ హార్డ్ డిస్క్‌లో పడుతుంది. నెట్ అసలు లేకపోయినా దాని పనికి అడ్డం లేదు. టీవీకి కలిపితే గేటు దగ్గర ఎవరున్నారో అమ్మ వంటింట్లోంచే చూసుకుంటుంది. మా ఇంట్లో సీరియల్ కంటే ఆ ఛానెలే ఎక్కువ నడుస్తోంది! నాలుగు కెమెరాలు 2 ఎంబీపీఎస్ చొప్పున రాస్తే 1 టీబీ డిస్క్‌లో సుమారు 11 రోజులు నిలుస్తుంది. హెచ్.265 (వీడియోను బాగా కుదించే పద్ధతి) ఉన్న డీవీఆర్ తీసుకుని బిట్‌రేట్ (సెకనుకు రాసే డేటా) సగానికి తగ్గిస్తే మూడు వారాలు. డిస్క్ మాత్రం సీసీ కెమెరాల కోసమే చేసినది అడగండి. కంప్యూటర్ డిస్క్ రాత్రింబవళ్లు రాయడానికి చేసింది కాదు.

కొత్తగా కడుతున్న ఇల్లయితే లాన్ కేబుల్ లాగించి ఐపీ కెమెరాలు (వీడియోను నెట్‌వర్క్ తీగలో పంపేవి), ఎన్‌వీఆర్ (వాటికి డీవీఆర్ లాంటి పెట్టె) పెట్టుకోవచ్చు. పీఓఈ (లాన్ తీగలోనే కరెంటు పంపే సదుపాయం) ఉన్నవైతే కరెంటు, వీడియో రెండూ ఒకే తీగలో పోతాయి, 100 మీటర్ల వరకు ఇబ్బంది ఉండదు. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న చవక కేబుల్ అంటగడతారు, అసలు రాగిదే తీసుకోండి.

వైఫై కెమెరా కొనాలనే ఉంటే మెమరీ కార్డు పట్టేది కొనండి. చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫైయే అందుతుంది. రౌటర్ 5 గిగాహెర్ట్జ్‌లో మాత్రమే నడుస్తుంటే యాప్‌లో కెమెరా దొరకదు, ఆ టెన్షన్ మీకెందుకు. కార్డు 'హై ఎండ్యూరెన్స్' అని రాసి ఉన్నది వేయండి. ఫోన్‌లోంచి తీసిన పాత కార్డు కొన్నాళ్లకే చేతులెత్తేస్తుంది. 128 జీబీ కార్డులో 2 ఎంబీపీఎస్ చొప్పున ఐదారు రోజులు నిలుస్తుంది. ఒక్క చిక్కు, దొంగ కెమెరా పీక్కుపోతే కార్డూ దానితోనే పోతుంది. డీవీఆర్‌ను పడకగదిలోనో గాలి ఆడే అటక మీదో దాచుకోవచ్చు.

కరెంటు, వైఫై రెండూ లేని పొలం షెడ్డుకూ మామిడితోటకూ సోలార్ సిమ్ కెమెరాయే దిక్కు. బ్యాటరీ మిగుల్చుకోవడానికి ఇది సాధారణంగా పడుకునే ఉంటుంది, ఏదైనా కదిలినప్పుడే లేచి కొన్ని సెకన్లు రాస్తుంది. మనిషి వేగంగా దాటిపోతే వీపు మాత్రమే దొరకొచ్చు. ముసురు పట్టిన వారంలో ఛార్జింగ్ నీరసిస్తుంది. కొనేముందు ఏ బ్యాండ్‌లు (సిగ్నల్ ఫ్రీక్వెన్సీలకు ఇచ్చే నంబర్లు) అందుకుంటుందో పెట్టె మీద చూడండి. జియోకి 3, 5, 40 ఉండాలి. బీఎస్ఎన్ఎల్ 4జీకి 28 ఉంటే మంచిది. వేరే దేశాల కోసం చేసిన మోడల్ ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని తెచ్చుకుంటే, మీ సిమ్ దాంట్లో పలక్కపోవచ్చు.

4. షాపులోనే పరీక్ష పెట్టండి

కెమెరాను మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు కలపండి. తర్వాత మొబైల్ డేటా ఆపేయండి. పది నిమిషాలాగి కార్డు తీసి చూడండి. ఆ పది నిమిషాలూ కార్డులో ఉన్నాయా? లేకపోతే అది మీ ఊరికి పనికిరాదు. నెలనెలా చందా కట్టకపోతే పాత రికార్డింగ్ కనిపిస్తుందా అని కూడా అడగండి. ఆన్‌విఫ్ (వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేసే ప్రమాణం) ఉన్న కెమెరా అయితే రేపు వేరే కంపెనీ ఎన్‌వీఆర్‌కు కూడా కలుపుకోవచ్చు.

మన దేశంలో 2025 ఏప్రిల్ నుంచి అమ్మే సీసీ కెమెరాలకు కేంద్రం సైబర్ భద్రత పరీక్షలను తప్పనిసరి చేసింది. బిల్లుతో పాటు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నంబరు చూపించమనండి. మాట దాటేస్తే పక్క షాపుకు నడవండి.

5. లెన్సు, ఎత్తు

2.8 ఎంఎం లెన్సు వాకిలంతా చూపిస్తుంది కానీ, 2 మెగాపిక్సెల్ కెమెరాలో కొత్త మనిషిని గుర్తుపట్టేంత స్పష్టంగా ముఖం కనిపించేది సుమారు 3 మీటర్ల లోపే. 6 ఎంఎం అయితే చూపు ఇరుకు, ముఖం మాత్రం 7 మీటర్ల వరకూ తెలుస్తుంది. అందుకే గేటుకు 6, వరండాకు 2.8. ఎనిమిది తొమ్మిది అడుగుల ఎత్తు చాలు. డాబా పిట్టగోడ మీద పెడితే అందరి తలలూ లెక్కపెట్టుకోవచ్చు, ముఖం ఒక్కటీ దొరకదు. పక్కింటి పెరడు, స్నానాల గది వైపు తిరగకుండా చూసుకోండి, లేనిపోని తగువు.

6. కరెంటు, వాన, కోతులు

డీవీఆర్‌నూ కెమెరాల అడాప్టర్‌నూ ఇన్వర్టర్ లైనులో పెట్టించండి. రౌటర్‌కు 12 వోల్టుల చిన్న యూపీఎస్ దొరుకుతుంది. కెమెరా ఐపీ66 లేదా ఐపీ67 (దుమ్ము, నీళ్లను తట్టుకునే రేటింగులు) అయినా, వైరు కలిపే చోట నీళ్లు దిగితే ఏ నంబరూ కాపాడదు. ప్రతి జాయింటూ ప్లాస్టిక్ డబ్బాలో ఉండాలి. బయట తిరిగే పొడవాటి తీగల మీదుగా పిడుగు లోపలిదాకా వస్తుంది కాబట్టి ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో చూపించుకోండి.

ఇక కోతులు. మా వీధిలో మొదటి కెమెరాను దొంగలు కాదు, కోతులే ఊడబీకాయి. వేలాడే వైరు వాటికి ఉయ్యాల. వైరంతా గోడకు బిగించిన పైపులో పోవాలి, బుల్లెట్ రకం (గొట్టంలా ముందుకు పొడుచుకొచ్చేది) కంటే ఇనుప గుల్ల ఉన్న డోమ్ (గిన్నె బోర్లించినట్టుండేది) నయం. డోమ్ గాజుకు, బుల్లెట్ లెన్సుకు సాలెగూడు పడితే రాత్రి పూట తెల్లటి మసక తప్ప ఏమీ కనిపించదు. నెలకోసారి చీపురు తిప్పండి.

7. బిగించిన రోజే ఒక నాటకం ఆడండి

రౌటర్ ఆపేయండి. మెయిన్ కూడా ఆపేయండి. చీకటి పడ్డాక ఒకరు గోడ దూకినట్టు పెరట్లో నడవాలి. అరగంట తర్వాత అన్నీ వేసి ఆ దృశ్యం దొరుకుతుందో లేదో వెతకండి. గడియారం కూడా చూడండి. నెట్ లేని డీవీఆర్‌లో టైము మెల్లగా తప్పుతుంది, ఫుటేజీ స్టేషన్‌లో ఇచ్చే రోజున తేదీ తప్పుంటే చిక్కే. చివరగా ఆ ముక్కను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం ఇంట్లో ఉండేవాళ్లతోనే చేయించండి, మీరు చేయొద్దు. మా నాన్నకు మూడోసారికి వచ్చింది. ఇప్పుడు ఎదురింటాయన గేదె తప్పిపోయినా ముందు మా ఇంటికే వస్తున్నారు.