పేజీలోనే ధర మార్చుకునేలా వర్డ్‌ప్రెస్ ప్లగిన్‌ను మలచుకోవడం

కోనసీమలోని అంబాజీపేట మార్కెట్‌లో వెయ్యి కొబ్బరికాయల ధర తరచూ మారుతూ ఉంటుంది. ఆ ధరను తన వెబ్‌సైట్‌లో చూపే వ్యాపారి, మారిన ప్రతిసారీ డ్యాష్‌బోర్డ్‌లోకి వెళ్లి వెతుక్కోనక్కర్లేకుండా, కాయల రాశి దగ్గరే నిలబడి ఫోన్‌లో ఆ అంకెను తాకి మార్చుకోగలగాలి. ధరల పట్టిక చూపే ప్లగిన్‌కు, అంటే వెబ్‌సైట్‌లు నడిపే వర్డ్‌ప్రెస్‌కు అదనపు సౌకర్యం చేర్చే చిన్న ప్రోగ్రామ్‌కు, ఆ వెసులుబాటు కల్పించే విధానం ఇది.

అసలు ప్లగిన్ ఫైళ్లను ముట్టుకోవద్దు. అప్‌డేట్ రాగానే మీ మార్పులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. అసలు ప్లగిన్ ఇచ్చే హుక్‌లను (మన కోడ్‌ను తగిలించుకోవడానికి వదిలిన చోట్లను) వాడుకుంటూ విడిగా ఒక చిన్న ప్లగిన్ రాసుకోండి.

పేజీ మొత్తాన్ని ఎడిట్ చేయనిచ్చే ఆలోచన మానుకోవాలని నా గట్టి సలహా. బ్రౌజర్‌లో కనిపించేది తయారైన రూపం మాత్రమే. దాన్నే తిరిగి భద్రపరిస్తే షార్ట్‌కోడ్‌లు (చదరపు బ్రాకెట్లలో రాసే చిన్న ఆదేశాలు), బ్లాకుల గుర్తులు (పేజీ భాగాలను వేరుచేసే కోడ్) పోయి, తర్వాత మామూలు ఎడిటర్‌లో ఆ పేజీని సరిచేయడం కష్టమవుతుంది. అందుకే ప్లగిన్ ధరను ఏ పోస్ట్ మెటా ఫీల్డ్ (పేజీతో పాటు డేటాబేస్‌లో విడిగా దాచే విలువ) నుంచి చదువుతోందో చూసి, ఆ ఒక్క ఫీల్డ్‌నే మార్చండి.

పేజీ హెచ్‌టీఎంఎల్‌లో ధర ఉన్న స్పాన్ ట్యాగ్‌కు, పేజీలోనే టైప్ చేయనిచ్చే కంటెంట్‌ఎడిటబుల్ లక్షణాన్ని, దానికి కావలసిన స్క్రిప్టును లాగిన్ అయి, ఎడిట్ అనుమతి ఉన్నవారికే పంపండి. అయితే బ్రౌజర్‌లో దాచడం రక్షణ కాదు. 2016 డిసెంబరులో విడుదలైన 4.7 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్‌లోనే పూర్తిగా అందుబాటులో ఉన్న రెస్ట్ ఏపీఐలో (బ్రౌజర్ స్క్రిప్టు సర్వర్‌తో డేటా ఇచ్చిపుచ్చుకునే మార్గంలో) సొంత రూట్, అంటే అభ్యర్థన పంపే చిరునామా, నమోదు చేసి, దాని పర్మిషన్ కాల్‌బ్యాక్‌లో (అనుమతి చూసే ఫంక్షన్‌లో) ఆ పోస్టును మార్చే హక్కు ఆ వ్యక్తికి ఉందో లేదో సర్వర్ వైపు తప్పక తనిఖీ చేయాలి. ప్రతి అభ్యర్థనతోనూ నాన్స్ (అభ్యర్థన మీ పేజీ నుంచే వచ్చిందని చూపే తాత్కాలిక కోడ్) వెళ్లాలి.

అంకెల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వ్యాపారి 12,500 అని కామాతో కొడితే, వర్డ్‌ప్రెస్ రాసిన భాష పీహెచ్‌పీ దాన్ని పూర్ణాంకంగా మార్చేటప్పుడు కామా దగ్గర ఆగిపోయి 12 అని తీసుకుంటుంది. తెలుగు అంకెలు కొడితే సున్నా అవుతుంది. కాబట్టి ముందు కామాలు తీసేసి, తెలుగు అంకెలను మామూలు అంకెలుగా మార్చి, మిగిలినది సంఖ్య కాకపోతే తిరస్కరించండి. తిరస్కరించినప్పుడు పాత ధరనే మళ్లీ చూపాలి.

నాన్స్ గడువు గరిష్ఠంగా ఒక రోజు. నిన్న తెరిచి వదిలేసిన పేజీ నుంచి సేవ్ కాకపోతే, పేజీని మళ్లీ తెరవమని తెలుగులోనే సందేశం ఇవ్వండి. కాష్ ప్లగిన్ (వేగం కోసం పేజీల తయారైన నకళ్లను దాచి చూపేది) ఉన్నట్లయితే, సేవ్ అయిన వెంటనే ఆ పేజీ కాష్‌ను తొలగించే పిలుపు కూడా జోడించండి. లేదంటే కొనుగోలుదారులకు పాత ధరే కనిపిస్తూ ఉంటుంది.