మైల్స్‌తో ప్రపంచం చుట్టే టికెట్ ఎక్కడ ఆగిపోతుంది, ఏం చేయాలి

మైల్స్ పెట్టి ప్రపంచం చుట్టి రావాలనుకునేవాళ్ళు ఈ మధ్య మా చుట్టాల్లో, ఆఫీసులో, అపార్ట్‌మెంట్‌లో బాగా ఎక్కువయ్యారు, సగం ప్లాన్ అయ్యాక ఎక్కడో ఇరుక్కుని ఫోన్ చేస్తారు, నేను కూర్చుని విప్పుతుంటాను. అలయన్స్ అంటే ఏంటి, కార్డు పాయింట్లు మైల్స్‌గా ఎలా మారతాయి లాంటివి మీకు తెలుసు అనుకునే రాస్తున్నా. పాత వీడియోలు చూసి జపాన్‌కి చెందిన ఏఎన్ఏ ఎయిర్‌లైన్ వాళ్ళ రౌండ్ ద వరల్డ్ అవార్డ్ (మైల్స్‌తో తీసుకునే ప్రపంచం చుట్టే టికెట్) కోసం పాయింట్లు దాచుకుంటున్నవాళ్ళు ఇంకా కనపడుతున్నారు, అది 2025 జూన్‌లో ఆపేశారు, దాని మీద ఆశ వదిలేయండి. మనవాళ్ళు ఇప్పుడు ఎక్కువగా చూస్తున్నవి క్రిస్‌ఫ్లయర్‌తో (సింగపూర్ ఎయిర్‌లైన్స్ మైల్స్ ప్రోగ్రామ్) స్టార్ అలయన్స్ టికెట్, ఏషియా మైల్స్ (కాథే వాళ్ళవి) లేదా ఆస్ట్రేలియా క్వాంటాస్ పాయింట్లతో వన్‌వరల్డ్ టికెట్. స్టార్ అలయన్స్, వన్‌వరల్డ్ రెండూ ఎయిర్‌లైన్స్ కూటములు.

సమస్య: సీట్లే కనపడట్లేదు

హైదరాబాద్ టు న్యూయార్క్ అని ఒకేసారి కొట్టి, నలుగురు ప్యాసింజర్లు అని పెట్టి, సంక్రాంతి సెలవుల తేదీలు ఇచ్చి, ఏమీ రాలేదు అంటారు. ఎందుకొస్తుందండి? ముందు ఒక్కరికి వెతకండి. ఒక్కరికి దొరికితే ఇద్దరికి చూడండి, తర్వాత మిగతావాళ్ళ సంగతి. ఫ్లైట్‌లో మైల్స్‌కి ఇచ్చే సీట్లు, అంటే అవార్డ్ సీట్లు, 2 మాత్రమే ఉన్నప్పుడు 4 అడిగితే సిస్టమ్ "2 ఉన్నాయి" అని చెప్పదు, సున్నా చూపిస్తుంది. నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ ఇక్కడే తేలిపోతాయి, అయినా ఈ ఒక్క చెక్ ఎవరూ చేయరు.

రెండోది, లెగ్ లెగ్‌గా, అంటే దారిలో ఒక్కో ఫ్లైట్‌నీ విడిగా వెతకాలి. సముద్రాలు దాటే రెండు లెగ్స్ ముందు, అంటే పసిఫిక్ ఒకటి, అట్లాంటిక్ ఒకటి, అవి దొరికాక మిగతావి వాటి చుట్టూ అల్లుకోవాలి. శంషాబాద్ నుంచి సింగపూర్, బ్యాంకాక్, హాంకాంగ్, ఫ్రాంక్‌ఫర్ట్, లండన్ లాంటి చోట్లకి డైరెక్ట్ ఫ్లైట్లు ఉన్నాయి, ఇటు లెగ్ ఏదో ఒకటి సర్దుకుంటుంది, టోక్యో నుంచి అమెరికా వెళ్ళేదే కష్టం. ఇంకో సంగతి, చాలా ఎయిర్‌లైన్స్ 11 నెలలు పైచిలుకు ముందు మాత్రమే సీట్లు తెరుస్తాయి, కాబట్టి మొదటి లెగ్ తెరుచుకున్న రోజుకి మీ చివరి లెగ్ ఇంకా అమ్మకానికే రాదు, అది లేదని కంగారుపడకండి. చివరి లెగ్‌కి దొరికిన తేదీ వేసి టికెట్ కొట్టించి, తర్వాత తేదీ మార్చుకోవచ్చేమో మీ ప్రోగ్రామ్ రూల్స్‌లో చూడండి.

సమస్య: సైట్‌లో కనిపించింది, ఫోన్ చేస్తే లేదన్నారు

లేని సీటు ఉన్నట్టు కనపడటం ఈ ఫీల్డ్‌లో రోజూ జరిగేదే. స్టార్ అలయన్స్ అయితే యునైటెడ్ సైట్‌లో, ఎయిర్ కెనడా వాళ్ళ ఏరోప్లాన్‌లో రెండింట్లోనూ చూడండి, వన్‌వరల్డ్ అయితే బ్రిటిష్ ఎయిర్‌వేస్, క్వాంటాస్. రెండు చోట్లా ఉంటే దాదాపు నిజం, ఒక్కచోటే ఉంటే నమ్మొద్దు. సీటు నిజమని తేలే వరకు కార్డు పాయింట్లు మాత్రం ట్రాన్స్‌ఫర్ చేయకండి, ఒకసారి వెళ్ళినవి వెనక్కి రావు. క్రిస్‌ఫ్లయర్‌లో పడ్డ మైల్స్‌కి 3 ఏళ్ళ గడువు కూడా మొదలవుతుంది.

సమస్య: రూట్ చెల్లదు అన్నారు

ఎక్కువసార్లు కారణం 24 గంటలు. ఒక ఊళ్ళో 24 గంటలు దాటి ఉంటే అది స్టాపోవర్, దాటకపోతే కనెక్షన్. క్రిస్‌ఫ్లయర్‌లో 7 స్టాపోవర్లు, క్వాంటాస్‌లో 5, మీరు 5 అనుకున్నవి 6 అయిపోతుంటాయి ఎందుకంటే ఎక్కడో కనెక్షన్ 24 గంటల 40 నిమిషాలు వచ్చి ఉంటుంది. ఈ రెండింట్లోనూ మొత్తం దూరం 35,000 మైళ్ళు దాటకూడదు, గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే దూరాలు లెక్కేసే సైట్‌లో అన్ని ఎయిర్‌పోర్టులూ వరసగా వేసి కూడండి, మధ్యలో ఫ్లైట్ మారే ఊళ్ళతో సహా. క్రిస్‌ఫ్లయర్‌లో అయితే తూర్పుకి బయల్దేరితే తూర్పుకే పోవాలి, ఒక సముద్రం ఒక్కసారే దాటాలి. తూర్పుగా వెళ్ళేవాళ్ళు డేట్‌లైన్ (పసిఫిక్‌లో తేదీ మారే గీత) సంగతి కూడా చూసుకోండి, టోక్యోలో సాయంత్రం ఎక్కి శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే తేదీ పొద్దున దిగుతారు, హోటల్ మర్నాటికి బుక్ చేసి లాబీలో కూర్చున్నవాళ్ళు నాకు తెలుసు.

సమస్య: టాక్సులే లక్షల్లో చూపిస్తోంది

ఫ్యూయల్ సర్‌చార్జ్, అంటే ఇంధనం పేరుతో ఎయిర్‌లైన్ వేసే అదనపు చార్జీ. ఎయిర్‌లైన్ మార్చండి, తగ్గుతుంది. లండన్‌లో ఆగి అక్కణ్ణుంచి బిజినెస్‌లో లాంగ్ ఫ్లైట్ ఎక్కితే బ్రిటన్ వాళ్ళ ప్యాసింజర్ డ్యూటీ గట్టిగా పడుతుంది, 24 గంటల లోపు కనెక్షన్ అయితే పడదు. లండన్ చూడాలనుంటే దాన్ని తిరుగుప్రయాణంలో పెట్టుకుని, అక్కడికి వచ్చే లెగ్ పెద్దది, వెళ్ళే లెగ్ చిన్నది అయ్యేలా సర్దుకోండి.

సమస్య: పేరు కలవట్లేదు

ఇది మన తెలుగువాళ్ళ సమస్య. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు గివెన్ నేమ్‌లో ఉంటుంది, లేదంటే ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది కానీ మైల్స్ అకౌంట్ మాత్రం ఆఫీసులో పిలిచే పొట్టి పేరుతో తెరిచి ఉంటుంది. అకౌంట్ పేరు ముందు పాస్‌పోర్ట్‌లా మార్పించండి, తర్వాతే బుకింగ్. సర్‌నేమ్ ఖాళీగా ఉన్నవాళ్ళు దుబాయ్‌లో విజిట్ వీసా మీద ఆగాలనుకుంటే జాగ్రత్త, ఒకే పేరున్న పాస్‌పోర్ట్ మీద రానివ్వమని యూఏఈ 2022 నవంబర్‌లో చెప్పింది. బోర్డింగ్ పాస్ మీద పొడుగు పేరు మధ్యలో తెగిపోతే మాత్రం భయం లేదు, అక్కడ అక్షరాలకి చోటు అంతే.

సమస్య: బుకింగ్ కన్ఫర్మ్ అని ఉంది, కౌంటర్ దగ్గర "మీకు టికెట్ లేదు" అన్నారు

ఇక్కడ నిదానంగా చదవండి, దీని దెబ్బ నేను తిన్నాను.

మా అక్కా బావల పెళ్ళి 25 ఏళ్ళయిందని వాళ్ళిద్దరికీ నేనే వేశాను, 10 ఫ్లైట్లు, 4 ఎయిర్‌లైన్స్. బయల్దేరడానికి రెండు నెలల ముందు న్యూయార్క్ నుంచి యూరప్ వెళ్ళే ఫ్లైట్ టైమ్ 40 నిమిషాలు జరిగింది, ఫ్లైట్ నంబర్ కూడా మారింది. మెయిల్ వచ్చింది, "అంగీకరిస్తున్నాను" అనే బటన్ ఉంది, నొక్కాను, స్క్రీన్ మీద కొత్త టైమ్‌తో కన్ఫర్మ్ అని వచ్చింది. అక్కడితో అయిపోయిందనుకున్నా. వాళ్ళు న్యూయార్క్‌లో సాయంత్రం కౌంటర్ దగ్గర నిలబడేటప్పటికి ఇక్కడ తెల్లవారుజామున 3 దాటింది, అక్క ఫోన్. "తమ్ముడూ, బుకింగ్ ఉందంట, టికెట్ లేదంట, ఏంటిది?" అంటోంది, వెనక బావ ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. మైల్స్ తీసుకున్న ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేస్తే గంటకి పైగా హోల్డ్, మనిషి దొరికే లోపల అక్కడ చెకిన్ మూసేశారు. మర్నాటి ఫ్లైట్‌లో వెళ్ళారు, ఆ రాత్రి ఇద్దరూ ఎయిర్‌పోర్ట్ కుర్చీల్లో. మా అక్కకి మోకాళ్ళ నొప్పులు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు మనసులో ఉండదు.

ఎందుకైంది? బుకింగ్ వేరు, టికెట్ వేరు. ఫంక్షన్ హాల్ సంగతి చూడండి, మేనేజర్ డైరీలో మీ పేరు రాసుకోవడం ఒకటి, డబ్బు కట్టిన రసీదు మీ చేతికి రావడం ఇంకొకటి. ముహూర్తం మారిందని డైరీలో తేదీ కొట్టేసి కొత్తది రాశారు, రసీదు మీద పాత తేదీనే ఉంది, పెళ్ళి రోజు గేటు దగ్గర ఉండేవాడు డైరీ చూడడు, రసీదే చూస్తాడు. పీఎన్ఆర్ ఆ డైరీ, ఈ-టికెట్ ఆ రసీదు. ఫ్లైట్ మారినప్పుడు పీఎన్ఆర్ దానంతటదే మారుతుంది, టికెట్‌ని మాత్రం మళ్ళీ ఇష్యూ చేయాలి, ఒకే ఎయిర్‌లైన్ అయితే చాలాసార్లు సిస్టమే చేసేస్తుంది, నాలుగు ఎయిర్‌లైన్స్ కలిసిన అవార్డ్ టికెట్‌లో చాలాసార్లు ఒక మనిషి కూర్చుని చేయాలి, ఆ మనిషి క్యూలో మీ టికెట్ ఎన్ని రోజులైనా పడి ఉండొచ్చు. మీ స్క్రీన్ మీద మాత్రం అన్ని రోజులూ కన్ఫర్మ్ అనే ఉంటుంది!

ఎలా పట్టుకోవాలంటే, ముందు ఈ-టికెట్ నంబర్ చూడండి. 13 అంకెలు, మొదటి 3 ఏ ఎయిర్‌లైన్ ఇష్యూ చేసిందో చెప్తాయి, 618 అంటే సింగపూర్, 160 అంటే కాథే, 081 అంటే క్వాంటాస్. ఒక నంబర్ మీద 4 ఫ్లైట్లే పడతాయి (టికెట్‌లో ఒక్కో ఫ్లైట్ భాగాన్ని కూపన్ అంటారు), అంతకంటే ఎక్కువైతే వరస నంబర్లు వస్తాయి, కాబట్టి 10 ఫ్లైట్లకి 3 నంబర్లు ఉండాలి. మీ మెయిల్‌లో ఒక్కటే కనిపిస్తే మిగతావి ఏవని ఆ రోజే అడగండి.

తర్వాత, ప్రతి ఎయిర్‌లైన్‌కీ వాళ్ళ సొంత పీఎన్ఆర్ వేరే ఉంటుంది, మైల్స్ తీసుకున్నవాళ్ళకి ఫోన్ చేసి అవన్నీ రాసుకోండి. ఒక్కొక్క ఎయిర్‌లైన్ సైట్‌లో ఆ పీఎన్ఆర్‌తో లోపలికి వెళ్ళి, మీ ఫ్లైట్ పక్కన టికెట్ నంబర్ కనపడుతోందా, సీటు సెలెక్ట్ చేసుకోనిస్తోందా చూడండి. ఇది అరగంట పని. మొదటిసారి టికెట్ కొన్న రెండు రోజుల్లో, ప్రతి షెడ్యూల్ మార్పు తర్వాత, బయల్దేరే నెల ముందు, ఇంకా దారిలో ప్రతి పెద్ద లెగ్‌కి 3 రోజుల ముందు చేయండి.

ఫోన్‌లో "కన్ఫర్మేనా" అని అడగొద్దు, అవునంటారు, వాళ్ళు చూసేది డైరీ. ఇలా అడగండి: "టికెట్ రీఇష్యూ అయ్యిందా, కూపన్లన్నీ ఓపెన్ ఫర్ యూజ్‌లో ఉన్నాయా, టికెట్ మీద ఉన్న ఫ్లైట్ నంబర్, తేదీ చదివి చెప్పండి." ఓపెన్ ఫర్ యూజ్ అంటే ఆ కూపన్ వాడుకోవడానికి సిద్ధంగా ఉందని. చదివించండి, తప్పనిసరిగా. పాత ఫ్లైట్ నంబర్ చదివితే దొరికినట్టే. టికెటింగ్ డెస్క్‌కి పంపిస్తాం, మెయిల్ వస్తుంది అంటే మర్యాదగానే, కొత్త ఈ-టికెట్ వచ్చే వరకు లైన్‌లో ఉంటానని చెప్పండి. ఎయిర్‌లైనే మార్చిన షెడ్యూల్‌కి మీరు ఫీజు కట్టక్కర్లేదు. రీఇష్యూ అయితే టికెట్ నంబర్ మారుతుంది, వాట్సాప్‌లో అమ్మానాన్నలకి పంపిన పాత నంబర్ తీసేసి కొత్తది పంపండి. పాత టికెట్‌నే సరిచేస్తే నంబర్ అదే ఉంటుంది, అప్పుడు చదివించుకోవడమే దారి.

మార్పుని ఎప్పుడూ మైల్స్ తీసుకున్న ఎయిర్‌లైన్ దగ్గరే ఒప్పుకోండి, నడిపే ఎయిర్‌లైన్ సైట్‌లో బటన్ నొక్కితే వాళ్ళ డైరీ మారుతుంది, టికెట్‌ని ముట్టుకునే అధికారం వాళ్ళకి చాలాసార్లు ఉండదు. ప్రయాణం మధ్యలో ఫ్లైట్ క్యాన్సిల్ అయి ఎయిర్‌పోర్ట్‌లో వేరే ఫ్లైట్ ఎక్కిస్తే కూడా ఇదే తంతు, ఆ ఒక్క లెగ్ నడుస్తుంది, వెనక ఉన్న లెగ్స్ ఇరుక్కుంటాయి, దిగగానే మిగతా కూపన్లు చెక్ చేయించండి.

ఇంకో మాట, కౌంటర్ దగ్గర ఇరుక్కుంటే అక్కణ్ణుంచి వెళ్ళిపోకండి. నో-షో, అంటే ఫ్లైట్‌కి మీరు రాలేదని, పడితే మిగతా లెగ్స్ అన్నీ పోతాయి. మమ్మల్ని నో-షో వేయొద్దు, బుకింగ్‌లో నోట్ రాయండి అని అడగండి, మా అక్క ఏడుస్తూ అడిగింది, ఆ డ్యూటీలో ఉన్న అమ్మాయి రాసింది, అందుకే మిగతా ప్రయాణం దక్కింది.

మిగతావి

అమెరికాలో ట్రాన్సిట్ ఏరియా ఉండదు, మారే ఫ్లైట్ కోసం దిగినా వీసా కావాలి, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ అపాయింట్‌మెంట్ చూసుకున్నాకే మైల్స్ ఖర్చుపెట్టండి. పాస్‌పోర్ట్ గడువు 6 నెలలు ఉండాలి. టాక్సులు కట్టేటప్పుడు కార్డు ఫెయిల్ అయితే బ్యాంక్ యాప్‌లో ఇంటర్నేషనల్ ఆఫ్‌లో ఉందేమో చూడండి, ఫోన్ చేసే ముందే ఆన్ చేసుకుని, లిమిట్ పెంచుకుని కూర్చోండి, మీరు ఓటీపీ కోసం తిప్పలు పడే పది నిమిషాల్లో టోక్యో సీటు ఇంకొకరు పట్టుకుపోతారు.