సీనరీ బొమ్మను ఎలా చదవాలి, విశాఖ గోడకు ఎలా తగిలించాలి

సోఫా పైనున్న సీనరీని కిందికి దించి, పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దంతో ఆకాశం దగ్గర చూడండి. రంగు చుక్కలు ఒక క్రమంలో గుండ్రంగా గుమిగూడి కనిపిస్తే ఆఫ్‌సెట్ అచ్చు, క్యాలెండర్ బాపతు. ఇసుక చల్లినట్టు అడ్డదిడ్డంగా ఉంటే రాతి పలక మీంచి తీసిన పాత అచ్చు (లితోగ్రాఫ్) అయ్యుండొచ్చు.

తర్వాత బొమ్మలో ఏం లేదో రాసుకోండి. మంచుకొండ, పెంకుటిల్లు, కొలనులో హంసలు ఉంటాయి. కరెంటు స్తంభం, పనిచేసే మనిషి ఉండరు. అరకు పోస్టర్లో లోయే తప్ప కాఫీ పళ్లు కోసేవాళ్లు కనిపించరు. విశాఖ పోస్టర్లో కైలాసగిరి, ఆర్కే బీచ్ ఉంటే, పోర్టు క్రేన్లూ ఉక్కు కర్మాగారం పొగగొట్టాలూ అంచు అవతలే ఆగిపోతాయి. ఆ లేనివాటిని బట్టే బొమ్మ ఎవరి కోసం వేశారో తెలుస్తుంది. 19వ శతాబ్దపు న్యూయార్కులో కరియర్ అండ్ ఐవ్స్ అనే అచ్చుబొమ్మల సంస్థ ప్రశాంతమైన పల్లె దృశ్యాలను చవగ్గా అమ్మింది. వాటికి చేత్తో రంగులు వేసిన ఆడవాళ్లు, ఒక్కొక్కరు ఒక్కో రంగు, ఆ పల్లె దృశ్యాల్లో కనిపించరు.

బీచ్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఉండి హాల్లో ఆల్ప్స్ పెట్టుకున్నారని నవ్వకండి. రోజూ చూసే సముద్రం వచ్చిన చుట్టాల ముందు హోదా ఇవ్వదు.

ఇక ఫ్రేము. బొమ్మ అద్దానికి ఆనకూడదు. ఉక్కపోతకు లోపల చెమ్మ పట్టి అతుక్కుంటే, తీసేటప్పుడు రంగు అద్దంతోనే ఊడొస్తుంది. మధ్యలో, బొమ్మ కనిపించేలా కిటికీలా కోసిన 2 మిల్లీమీటర్ల యాసిడ్ లేని మౌంట్ బోర్డు (దళసరి అట్ట) వేయించండి, వెనక కోయని అట్ట అదే రకంది. బొమ్మను వెనక అట్టకు పై అంచున రెండు చోట్ల మాత్రమే, పల్చని జపాన్ కాగితం ముక్కలతో, గోధుమ గంజి రాసి అతికించాలి. నాలుగు వైపులా అంటిస్తే వానాకాలం కాగితం సాగే చోటు లేక ఉబ్బుతుంది. సెల్లోటేపు అసలొద్దు, దాని జిగురు పసుపు మరకై కాగితంలోకి దిగుతుంది. ఫ్రేము వెనక కింది మూలల్లో 5 మిల్లీమీటర్ల కార్కు ముక్కలు పెడితే గాలి ఆడి బూజు తగ్గుతుంది. ఉప్పుగాలికి ఇనుప మేకు తుప్పు పడుతుంది కాబట్టి స్టెయిన్‌లెస్ స్క్రూ వాడండి. జల్లు కొట్టే బయటి గోడ వద్దు.

ఎండ తగిలితే పసుపు, ఎరుపు ముందు వెలిసి బొమ్మంతా నీలం తేలుతుంది. దానికి మందు లేదు. పారేసే ముందు మాత్రం వెనక తిప్పి చూడండి. గృహప్రవేశానికి కానుకగా వచ్చినదైతే ఇచ్చినవాళ్ల పేరు అక్కడే ఉంటుంది.