ఫ్రేముల నుంచి మళ్లీ వీడియో: మాటకూ బొమ్మకూ పొంతన కుదిరిందిలా

పాత వీడియోలో మచ్చలు తుడవడానికి దాన్ని ఫ్రేములుగా విడగొట్టి, ఒక్కో బొమ్మనూ బాగుచేసి, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో టూల్‌తో, పాత ఆడియోను కలిపి మళ్లీ క్లిప్ చేశాను. బొమ్మ శుభ్రంగానే ఉంది గానీ నడక మరీ నెమ్మది. మాట ముందే వినిపిస్తోంది, పెదాలు ఆ తర్వాత కదులుతున్నాయి. ఇంత పనీ వృథా అవుతుందేమోనని టెన్షన్ పట్టుకుంది.

అసలు సంగతేమిటంటే, బొమ్మల వరస ఇచ్చి వేగం చెప్పకపోతే ఈ టూల్ సెకనుకు 25 ఫ్రేములు అనుకుంటుంది. నా వీడియోది 30. అంటే నిమిషానికి సరిపోయే 1800 బొమ్మలు 72 సెకన్లు సాగుతాయి. కమాండ్‌లో ఫ్రేమ్‌రేట్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు) 30 అని ఇన్‌పుట్ కంటే ముందు రాయగానే కుదిరింది. ఆ 'ముందు' చాలా ముఖ్యం. అవుట్‌పుట్ వైపు రాస్తే కొన్ని ఫ్రేములు రెండేసిసార్లు వస్తాయే తప్ప నిడివి తగ్గదు. అసలు వీడియో రేటు, ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో పాటు వచ్చే ఎఫ్ఎఫ్‌ప్రోబ్‌లో చూసుకోండి. 29.97 అని ఉంటే 30000/1001 అని ఇవ్వడమే మేలు.

ఇంకొకటి, పీఎన్‌జీ బొమ్మలతో చేసిన క్లిప్ కంప్యూటర్‌లో ఆడింది, ఫోన్‌లో ఆడలేదు. పిక్సెల్ ఫార్మాట్ (రంగుల వివరాలు దాచే పద్ధతి) వైయూవీ420పీ అని పెడితే అదీ తీరింది. దీనికి వెడల్పు, ఎత్తు రెండూ సరి సంఖ్యలై ఉండాలి.